ముద్ర వేయకముందు అడగండి



“మావాడికి చదువు అబ్బదట అయ్యగారూ, సారు చెప్పిండు.” దేవరకొండ, అచ్చంపేట వైపు తండాలలో ఈ మాట మేము తరచు వింటుంటాము. ఆ బిడ్డ ఇంటిలో వినేది లంబాడీ. బడిలో అడుగు పెట్టగానే తెలుగు, ఇంగ్లీషు. అడిగినది అర్థంకాక మౌనంగా నిలబడితే “మొద్దు” అనే పేరు పడుతుంది. ఒకసారి పడిన పేరు ఊరికే పోదు.

అమెరికాలోని కాలిఫోర్నియాలోను ఇదే జరిగింది. ఇంటిలో స్పానిష్ మాట్లాడే పిల్లలకు ఇంగ్లీషులో తెలివితేటల పరీక్ష పెట్టి, మందబుద్ధులని వేరు తరగతులలో కూర్చోబెట్టారు. వారి భాషలో మరల పరీక్షిస్తే చాలామంది అటువంటివారు కారని తేలింది. డయానా కేసు అని పేరుపడిన ఆ వ్యాజ్యంలో, ఇంటి భాషలో కూడా పరీక్షించాలని 1970లో ఒప్పందమైనది.

అయితే “భాష రాక అలా ఉన్నాడులే” అని ఊరకుండుటయు తప్పే. అక్షరాలు పోల్చుకోలేని నిజమైన ఇబ్బంది కొందరికి ఉంటుంది. అటువంటివారిని త్వరగా గుర్తించి సాయపడాలని 2016 వికలాంగుల హక్కుల చట్టం చెబుతున్నది. గుర్తించుట వేరు, ముద్ర వేయుట వేరు.

కనుక బిడ్డను పరీక్షించాలంటే భయపడకండి. ఏ భాషలో పరీక్షిస్తారు? చూపు, వినికిడి ముందుగా చూశారా? ఫలితం ఎవరెవరికి తెలుస్తుంది? తరువాత ఏ సాయం చేస్తారు? ఇవి అడగండి. చదువురాని తల్లికి కూడా ఇవి అడిగే హక్కున్నది.

ఉపాధ్యాయులారా, బిడ్డ బలహీనత మీకు తెలిస్తే తరగతిలో చాటకండి. అది మీ చేతిలో పెట్టిన నమ్మకము.