చిన్నపిల్లల్లో థైరాయిడ్ ఎక్కువైతే

హైదర్‌గూడలో మాకు తెలిసిన ఒక తల్లి ఆ మధ్య తన ఎనిమిదేళ్ళ కూతుర్ని గురించి చెబుతూ, "అందరికన్నా ఎక్కువే తింటుందండీ, అయినా గౌన్లు వదులైపోతున్నాయి" అని వాపోయింది. బడిలో కుదురుగా కూర్చోదని టీచరు ఫిర్యాదు. చేతిరాత చెడిపోయింది. రాత్రిళ్ళు నిద్ర లేదు. నులిపురుగుల మందు పట్టించారు. దిష్టి తీయమన్నవారూ ఉన్నారు! చివరకు పిల్లల డాక్టరుగారు నాడి పట్టుకుని, పాప ఊరికే కూర్చున్నా పరుగెత్తినట్టు కొట్టుకోవడం గమనించి, రక్తపరీక్ష రాశారు.

మెడ ముందుభాగంలోని థైరాయిడ్ గ్రంథి అతిగా పనిచేయడమే ఈ జబ్బు. పిల్లల్లో దీనికి ఎక్కువగా గ్రేవ్స్ వ్యాధి కారణం. ఒంటిని కాపాడవలసిన రక్షణశక్తే పొరబడి ఆ గ్రంథిని ఉసిగొల్పుతుంది. రిపోర్టులో టి3, టి4 పెరిగి, టి.ఎస్.హెచ్. బాగా తగ్గి ఉంటుంది. "తగ్గింది కదా, మంచిదే" అనుకోకండి. ఇక్కడ ఆ తగ్గుదలే జబ్బుకు గుర్తు.

మొదటి వైద్యం మాత్రలే. మన దగ్గర కార్బిమజోల్ వాడుకలో ఉంది. గుణం కనబడడానికి కొన్ని వారాలు పడుతుంది గనుక, ఈలోగా గుండెదడకు ప్రొప్రనలాల్ ఇస్తారు. బిడ్డకు ఉబ్బసం ఉంటే ఆ సంగతి ముందే చెప్పాలి. ప్రొపైల్ థయోయురసిల్ అనే పాత మందు కాలేయాన్ని దెబ్బతీయవచ్చని 2010లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ గట్టిగా హెచ్చరించింది. పిల్లలకు సాధారణంగా దాన్ని ఇవ్వరు.

ఇక మేము ముఖ్యంగా చెప్పదలచింది ఇది. కార్బిమజోల్ వాడేవారిలో ఏ వెయ్యిమందికో ఇద్దరు నుంచి ఐదుగురికి తెల్లరక్తకణాలు ఒక్కసారిగా పడిపోతాయి. ఇది ఎక్కువగా మొదటి 3 నెలల్లో జరుగుతుంది. బిడ్డకు జ్వరం, గొంతునొప్పి, నోటిలో పుండ్లు కనబడితే జలుబేనని షాపులో మందు కొనవద్దు. వెంటనే మాత్ర ఆపి, అదేరోజు డాక్టరుకు చూపించి తెల్లకణాల లెక్క చేయించాలి. రెడ్‌హిల్స్‌లోని నీలోఫర్ పిల్లల ఆసుపత్రి మనకు దూరమేమీ కాదు.

ఇలాంటి లక్షణమేదీ లేకుండా, ఒళ్ళు చేసిందని మాత్ర సొంతంగా మానడం ఇంకో పొరపాటు. రెండేళ్ళు వాడాక కూడా మందు లేకుండా నిలబడేది పదిమందిలో ఇద్దరు ముగ్గురే. తక్కినవారు ఇంకా కొన్నేళ్ళు వాడాలి, లేదా శస్త్రచికిత్స, రేడియో అయొడిన్ ఉన్నాయి. ఐదేళ్ళలోపు పిల్లలకు రేడియో అయొడిన్ వద్దంటారు. ప్రార్థన చేసుకున్నాం గదా అని మాత్ర మానేసినవారినీ మేము ఎరుగుదుము. ప్రార్థనకు మాత్ర అడ్డమేమీ కాదు.

ఆ తల్లి మాత్ర పేరు, జ్వరం వస్తే ఏం చేయాలో ఒక చీటీ మీద రాసి పాప బడి డైరీలో అంటించింది. టీచరమ్మకు చూపించి మరీ వచ్చింది.