విశ్వవిద్యాలయాలు ఉన్నత పాఠశాల గడప తొక్కాలి

పదో తరగతి ఫలితాలు వచ్చాక సలహా కోసం మా వద్దకు వచ్చే తల్లిదండ్రులు తరచూ అనే మాట ఒకటుంది: "మా అమ్మాయికి లెక్కలు బాగానే వస్తాయి గాని ఫిజిక్స్ అంటే భయమండీ, సి.ఇ.సి.లో చేర్పిస్తాం." ఆ భయం పుట్టుకతో వచ్చినది కాదు. ఉన్నత పాఠశాలలో భౌతిక, రసాయన శాస్త్రాలు రెండింటినీ సాధారణంగా ఒకే ఉపాధ్యాయుడు బోధిస్తాడు. ఆయనకు రసాయనశాస్త్రంపైనే పట్టు ఉంటే విద్యుత్తు పాఠం వల్లెవేతగా మారుతుంది. ఉర్దూ మాధ్యమంలో పరిస్థితి మరీ దయనీయం. రిజర్వుడు పోస్టులకు ఉర్దూ వచ్చిన అభ్యర్థులు దొరకక అవి ఏళ్ల తరబడి ఖాళీగా మిగిలిపోతున్నాయి.

ఖాళీల భర్తీ ప్రభుత్వ బాధ్యత. ఆ డిమాండును మేము వదలబోము. అయితే ఉన్న ఉపాధ్యాయునికైనా అండ కావాలి కదా! హైదరాబాదు గచ్చిబౌలిలో 1974లో ఏర్పడిన కేంద్రీయ విశ్వవిద్యాలయం, 1998లో ఏర్పడిన మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం ఇరుగుపొరుగునే ఉన్నాయి. ఒకచోట భౌతికశాస్త్ర పరిశోధన, మరొకచోట ఉర్దూలో ఉపాధ్యాయ శిక్షణ. ఈ రెండూ కలిసి పాతబస్తీ పాఠశాలలకు రావాలని మేము కోరుతున్నాము.

ఇటువంటి పని మన దేశంలో జరిగినదే. 1972లో మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాదు జిల్లాలో రెండు స్వచ్ఛంద సంస్థలు 16 పాఠశాలల్లో ప్రయోగాలతో విజ్ఞానబోధన ప్రారంభించాయి. ఢిల్లీ విశ్వవిద్యాలయ అధ్యాపకులు, టాటా మౌలిక పరిశోధనా సంస్థ శాస్త్రవేత్తలు ఆ పల్లెలకు వెళ్లి ఉపాధ్యాయుల పక్కన కూర్చున్నారు. సెలవుల్లో శిక్షణ, ఆపైన నెలనెలా సమావేశం. 'సవాలీరామ్' పేరిట పిల్లలు ప్రశ్నలు రాస్తే జవాబులు వచ్చేవి. పరీక్షలోనూ ప్రయోగం ఉండేది. 2002లో రాష్ట్ర ప్రభుత్వం దానిని నిలిపివేయడం విచారకరం.

అందులో మాకు విలువైనదిగా తోచినది ఆ నెలవారీ సమావేశమే. వేసవిలో వారం రోజులు శిక్షణ ఇచ్చి ధ్రువపత్రం చేతిలో పెడితే, ఆగస్టులో అమ్మీటరు ముల్లు కదలనప్పుడు ఆ ఉపాధ్యాయుడు ఎవరిని అడగాలి? ఫైళ్ల మధ్య తల నెరిసిన మాకు మరొక సంగతి తెలుసు. సమావేశపు రోజును 'ఆన్ డ్యూటీ'గా పరిగణిస్తూ ఉత్తర్వు, ప్రయాణ భత్యం లేకపోతే రెండో నెలకే కుర్చీలు ఖాళీ అవుతాయి.

పాఠశాల కమిటీల్లో ఉన్న తల్లిదండ్రులు ఈ నెలలోనే తీర్మానం చేసి జిల్లా విద్యాశాఖాధికారికి, రెండు విశ్వవిద్యాలయాల రిజిస్ట్రార్లకు పంపాలి. ఏయే ప్రయోగాలు చేయించలేకపోతున్నారో ఉపాధ్యాయులనే అడిగి జాబితా జతచేయాలి. రసీదు తీసుకోవడం మరువవద్దు.