బరువు తగ్గే ఇంజెక్షన్: కొత్త షాపులో కొనేముందు ఏం చూడాలి?

మాదాపూర్‌లో మీరు ఎప్పుడూ కొనే మెడికల్ షాపులో ఈ వారం మౌంజారో లేదన్నారు. సోమవారం డోసు తీసుకోవాలి. ఈలోగా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఎవరో 'మా దగ్గర ఉంది, ఎమ్మార్పీ కంటే తక్కువకే ఇస్తాం, ప్రిస్క్రిప్షన్ అక్కర్లేదు' అని పెట్టారు. ఆ చివరి మాట ఒక్కటి చాలు, అక్కడ కొనకూడదనడానికి.

టిర్జెపటైడ్ మందు మౌంజారో 2025 మార్చిలో, సెమాగ్లుటైడ్ మందు వెగోవీ అదే ఏడాది జూన్‌లో మన మార్కెట్‌లోకి వచ్చాయి. 2026 మార్చిలో సెమాగ్లుటైడ్ పేటెంట్ గడువు ముగియడంతో దేశీయ కంపెనీలకూ దారి తెరుచుకుంది. ధర తగ్గితే మంచిదే. కానీ బ్రాండ్లు పెరిగేకొద్దీ నకిలీని పోల్చుకోవడం కష్టం. బ్రెజిల్, బ్రిటన్, అమెరికాల్లో నకిలీ ఒజెంపిక్ బయటపడిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024 జూన్‌లోనే హెచ్చరించింది.

పెట్టె చూసి అసలో నకిలీయో తేల్చడం మనవల్ల అయ్యే పని కాదు. మనం చూడగలిగింది బిల్లు. షాపు పేరు, లైసెన్సు నంబరు, మందు పేరు, బ్యాచ్ నంబరు, ఎక్స్‌పైరీ దాని మీద ఉండాలి. అదే బ్యాచ్ నంబరు పెట్టె మీద, లోపలి పెన్ను లేదా వయల్ మీద కూడా ఉండాలి. యాప్‌లో ఆర్డర్ పెట్టినా ఇదే లెక్క. 'బిల్లు తర్వాత పంపిస్తాం' అంటే వదిలేయండి.

అసలు మందైనా దారిలో చెడిపోవచ్చు. చాలామంది పట్టించుకోనిది ఇదే. తెరవని పెన్నులను 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి. ఐస్‌ప్యాక్‌కు ఆనుకుని గడ్డకట్టినా పనికిరాదు; కరిగాక చూడ్డానికి మామూలుగానే ఉండొచ్చు. మండుటెండలో గచ్చిబౌలి ట్రాఫిక్ దాటి వచ్చిన డెలివరీ బ్యాగులో అది ఎంతసేపు ఉందో మీకెలా తెలుస్తుంది? కనీసం ఆఫీసు సెక్యూరిటీ దగ్గర పెట్టించకండి. వీలైతే షాపుకే వెళ్లి, ఫ్రిజ్‌లోంచి తీసివ్వడం చూసి కొనుక్కోండి.

ఎక్కడా దొరకలేదా? రాసిచ్చిన డాక్టర్‌కు ఫోన్ చేయండి. 'ఇది కూడా అలాంటిదే' అని షాపువాళ్లు వేరే బ్రాండు ఇస్తే తీసుకోవద్దు. టిర్జెపటైడ్, సెమాగ్లుటైడ్ వేర్వేరు మందులు, డోసులూ వేరు. కొన్ని వారాలు ఆగిపోతే మళ్లీ తక్కువ డోసుతో మొదలుపెట్టాలా అన్నది కూడా డాక్టరే చెప్పాలి.

కొన్నాక అనుమానం వస్తే ఆ మందు వాడకండి, పారేయకండి. పెట్టె, బిల్లు దాచిపెట్టి తెలంగాణ ఔషధ నియంత్రణ విభాగం టోల్ ఫ్రీ నంబరు 1800-599-6969కు పని దినాల్లో ఫోన్ చేసి చెప్పండి.