రూళ్ళ పుస్తకమా, తెల్ల పుస్తకమా?



జూన్ మాసంలో బడులు తెరవగానే గాజువాక షాపుల్లోనైనా, మన పల్లె కొట్టులోనైనా నోటు పుస్తకాలు గుట్టలుగా ఉంటాయి. ధర చూసి ఏదో ఒకటి కొంటాము. తరువాత చేతివ్రాత బాగులేదని బిడ్డను గద్దిస్తాము. గద్దించే ముందు ఆ పుస్తకంలోని గీతలను చూడండి.

ఇంగ్లీషుకు నాలుగు గీతల కాపీ ఉన్నది. మన తెలుగు అక్షరం తీరు వేరు. విశాఖ ఉక్కు సంస్థ పేరులో ‘రాష్ట్రీయ’ అనే మాట ఉన్నది కదా! అందులో ‘ష్ట్రీ’ ఒక్కదానికే పైన గుడిదీర్ఘం, క్రింద రెండు వత్తులు. గీతలు ఇరుకైతే పై వరుస వత్తు క్రింది వరుస గుడికి తగులుతుంది. అప్పుడు తప్పు చేతిది కాదు, కాగితానిది. బిడ్డచేత ఆ మాట ఒకదాని క్రింద ఒకటి వ్రాయించండి. అంటుకుంటే ఈసారి ‘బ్రాడ్ రూలు’ అని అడిగి కొనండి.

గళ్ళ పుస్తకం లెక్కలకు మేలు. గడికి ఒక అంకె వేస్తే ఒకట్ల క్రింద ఒకట్లు, పదుల క్రింద పదులు నిలుస్తాయి. కూడికలో తడబాటు తగ్గుతుంది.

తెల్ల కాగితం బొమ్మలకు, పటాలకు. దానిపై తిన్నగా వ్రాయడం నేర్పాలంటే నల్లని గీతలు గీసిన కాగితం అడుగున పెట్టండి. చేయి కుదిరాక తీసివేయండి. దీనికి పైసా ఖర్చు లేదు.

అన్నీ కొనే స్థోమత లేనివారు ముందు ఎడం గీతల పుస్తకమే కొనండి. ఈ సాయంత్రం బిడ్డ ప్రక్కన కూర్చుండి పుస్తకం తెరిపించండి.