గులాబీ పురుగుకు మందు కన్నా గడువే ముఖ్యం

పత్తి చేలో పురుగు కనబడగానే దుకాణానికి వెళ్లి కొత్త మందు అడగడం రైతులకు అలవాటుగా మారింది. గులాబీ రంగు పురుగు విషయంలో ఈ అలవాటు పెట్టుబడిని పెంచుతున్నదే తప్ప పంటను కాపాడడం లేదు.

ఇది తెలుగు రైతుకు కొత్త అనుభవమేమీ కాదు. 1980ల ఆరంభంలో వచ్చిన సింథటిక్ పైరిథ్రాయిడ్ మందులను గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో విచ్చలవిడిగా పిచికారీ చేశారు. 1987-88 నాటికి శనగపచ్చ పురుగు వాటికి లొంగడం మానేసింది. అప్పులపాలైన రైతులు కొందరు ప్రాణాలు తీసుకున్నారు. పదేళ్లకు వరంగల్ జిల్లాలోనూ అదే విషాదం. 2002లో బీటీ పత్తికి అనుమతి లభించాక శనగపచ్చ పురుగు బెడద తగ్గిన మాట వాస్తవమే. అయితే 2009 నాటికే గుజరాత్‌లో గులాబీ పురుగు తొలితరం బీటీని తట్టుకుంది. 2006లో వచ్చిన రెండు జన్యువుల విత్తనాన్నీ కొన్నేళ్లకే జయించింది.

గుడ్డు పగిలిన కొద్దిసేపటికే పిల్ల పురుగు మొగ్గలోకో కాయలోకో దూరుతుంది. ఆ రంధ్రం మూసుకుపోతుంది. ఇక పైన ఎంత ఖరీదైన మందు కొట్టినా లోపలికి చేరదు. బీటీయేతర విత్తనాన్ని చేను చుట్టూ వేస్తే, అక్కడ పెరిగే సాధారణ పురుగులతో జతకట్టి నిరోధకత పలుచబడుతుందన్నది శాస్త్రవేత్తల ఆలోచన. ప్యాకెట్‌తో పాటు ఇచ్చిన ఆ విత్తనాన్ని చాలామంది గట్టున పారేశారు.

ఈ పురుగుకు పత్తి తప్ప వేరే ఆధారం దాదాపు లేదు. అదే దాని బలహీనత. డిసెంబరు, జనవరి నాటికి పంట ముగించి కట్టెను తొలగిస్తే దాని సంతతికి తిండి దొరకదు. నీటి వసతి ఉన్నచోట మార్చి దాకా పంటను నిలుపుతున్నారు. కౌలు రైతును తప్పుపట్టలేం. కౌలు, దుకాణం బాకీ తీరాలంటే ఆ చివరి తీతే దిక్కు. పైగా తానొక్కడూ పీకేసి, పక్క చేను నిలిచి ఉంటే ఫలితం శూన్యం.

లింగాకర్షక బుట్టలో వరుసగా మూడు రాత్రులు 8 చొప్పున రెక్కల పురుగులు పడితేనే మందు కొట్టాలన్నది సిఫార్సు. బుట్టలే పెట్టని ఊళ్లో ఆ లెక్క ఎవరు చూస్తారు? పురుగు ముదిరాక సదస్సులు పెట్టే బదులు, ఊరంతా ఒకేసారి పంట ముగించేలా వ్యవసాయ శాఖ సీజన్ ఆరంభంలోనే ఒప్పించాలి. పత్తి తీసేసిన భూమిలో వేసుకోవడానికి మొక్కజొన్న, పెసర వంటి ఆరుతడి పంటల విత్తనాలు, కాలువ నీటి తేదీలు డిసెంబరుకు ముందే రైతు చేతికి అందాలి.