బ్లూఫిన్ ట్యూనా: కట్టుబాటే ధరకు రక్ష

టోకియోలో 2019 జనవరి తొలి వేలంలో 278 కిలోల బ్లూఫిన్ ట్యూనా ఒక్కటి 33.36 కోట్ల యెన్‌లకు పాట పోయింది. కొత్త ఏడాది తొలి పాట ప్రతిష్ఠ కోసం పాడేది గనుక దాన్ని మార్కెట్ ధరగా లెక్కించరాదు. అయితే సరదాకు గాలం వేసేవారికీ, అమ్మకానికి పట్టేవారికీ వేర్వేరు నిబంధనలు ఎందుకన్నది ఈ ఒక్క అంకె వల్ల బోధపడుతుంది.

అట్లాంటిక్, మధ్యధరా సముద్రాల్లో ఈ చేప వేటకు ఏటా కోటా నిర్ణయించేది మాడ్రిడ్ కేంద్రంగా ఉన్న అంతర్జాతీయ సంఘం ఇక్కాట్. 2007లో తూర్పు అట్లాంటిక్, మధ్యధరాలకు కోటా 29,500 టన్నులు. కాగా నిజంగా పట్టింది సుమారు 61,000 టన్నులని సంఘం శాస్త్రజ్ఞులే అంచనా కట్టారు. ఫలితంగా 2010 మార్చిలో దోహాలో ఈ చేప అంతర్జాతీయ వ్యాపారాన్నే నిషేధించాలన్న మొనాకో ప్రతిపాదన ఓటింగుకు వచ్చింది. అనుకూలంగా 20, వ్యతిరేకంగా 68 ఓట్లు పడి అది వీగిపోయింది. వ్యాపారానికి గండం గడిచింది గాని కోత తప్పలేదు. 2011లో కోటా 12,900 టన్నులకు దిగింది. ఆ కోతను పాటించినందువల్లనే చేప కోలుకుని, 2023 నుంచి 2025 వరకు ఏటా 40,570 టన్నులకు అనుమతి లభించింది.

కోటా పెరిగితే నిబంధనలు సడలించాలన్న ఒత్తిడీ పెరుగుతుంది. ఇక్కడే జాగ్రత్త అవసరం. అమెరికాలో అట్లాంటిక్ తీరాన 73 అంగుళాల లోపు చేపను అమ్మకానికి దించరాదు. అమ్మేది కూడా లైసెన్సున్న వర్తకుడికే. వినోద వేటగాళ్లు 27 అంగుళాల నుంచి పట్టుకోవచ్చు. ఒక్కటీ అమ్మరాదు, దించిన చేప లెక్క 24 గంటల్లో చెప్పాలి. యూరప్‌లోనూ వినోద వేటలో పట్టిన చేప అమ్మకం నిషిద్ధమే.

అమెరికా కోటాలో ఐదో వంతుకు పైగా వినోద వేటకే పోతున్నదని వృత్తి జాలర్ల ఫిర్యాదు. లైసెన్సు రుసుము కట్టీ పట్టిన చేపను అమ్ముకోలేకపోవడమేమిటని అవతలివారి వాదం. రెండింటిలోనూ కొంత న్యాయం ఉంది. అయినా వినోద వేట చేపకు బజారు తలుపు తెరిస్తే ప్రతి విహార పడవా సరుకు పడవ అవుతుంది. కోటా ముందే నిండి, నిజమైన జాలరికి సీజను మధ్యలోనే మూతపడుతుంది.

సరుకు ఒక్కసారిగా వచ్చి పడితే ధర ఏమవుతుందో వర్తకులకు చెప్పనక్కరలేదు. 2021లో అమెరికా ప్రభుత్వం జూలై నుంచి నవంబరు వరకు మంగళ, శుక్ర, శనివారాల్లో ఈ వాణిజ్య వేటను ఆపింది. కోటా ఎక్కువ రోజులకు సర్దుబాటు కావడం, బజారు నిండిపోకుండా చూడడం దాని ఉద్దేశాలు.

అసలు చిల్లు జాలరి దగ్గర కాదు, కొనేవాడి దగ్గర పడుతుంది. 2018లో యూరోపియన్ పోలీసు సంస్థ యూరోపోల్ బయటపెట్టిన దొంగ వ్యాపారంలో 79 మంది అరెస్టయ్యారు. 80 టన్నులకు పైగా చేప పట్టుబడింది. ఆ దొంగ సరుకు ఏటా 25 లక్షల కిలోలని అంచనా. కాగితం లేని చేప చౌక. దాంతో పోటీపడలేక నష్టపోయేది కాగితంతో కొన్న వర్తకుడే. 2016 నుంచి తప్పనిసరైన ఎలక్ట్రానిక్ వేట పత్రాన్ని భారమని విసుక్కునేవారు ఈ సంగతి గుర్తించాలి.

ఆంధ్ర తీరంలో దొరికే ట్యూనా ఎల్లోఫిన్, స్కిప్‌జాక్ వంటి రకాలు. కాని 2010 జనవరి నుంచి యూరప్‌కు వెళ్లే భారత సముద్రపు వేట సరుకుకూ వేట ధ్రువపత్రం తప్పనిసరి. విశాఖ, కాకినాడ ఎగుమతిదార్లకు బ్లూఫిన్ కథలో ఉన్న పాఠం ఇదే: లెక్క సరిగా ఉన్న సరుకుకే నాలుగు కాలాల పాటు బేరం ఉంటుంది.