మెట్ట కరిగిపోతుంటే మొక్క బొమ్మ గీయించే చదువు

జూన్ 5 ప్రపంచ పర్యావరణ దినం. ఆ రోజుకి మన బడులు ఇంకా తెరవరు. 12న తెరిచాక వీలు చూసుకుని ఆ తంతు జరిపిస్తారు. పిల్లలు అట్టముక్క మీద పచ్చటి చెట్టు గీస్తారు, 'ప్లాస్టిక్ వాడకండి' అని రాస్తారు, గొయ్యిలో మొక్క పెట్టి ఫొటో దిగుతారు. పోయినేడు అదే గొయ్యిలో పెట్టిన మొక్క ఏమైందని ఎవరూ అడగరు.

దీన్ని పర్యావరణ విద్య అంటే మనం ఒప్పుకోకూడదు. పెద్దాపురం చుట్టుపక్కల పెరిగే పిల్లకి పర్యావరణం అంటే ముందు రామేశంపేట మెట్ట, ఆనూరు మెట్ట. అక్కడి గ్రావెల్ తవ్వకాల గురించి ఏళ్ళ తరబడి పత్రికల్లో వస్తూనే ఉంది. పుస్తకంలో మాత్రం నేల కోత అంటే ఎక్కడో కొండల్లో వానకి జరిగేది. మెట్ట మీద పడిన వాన ఇంకి కింద బావుల్లోకి దిగేది కదా, మెట్టే పోతే ఆ నీరు ఎటు పోవాలి? తవ్వినదాని మీద సీనరేజి ఎంత రావాలి, ఎంత వచ్చింది? దుమ్ము ఎవరి చేల మీద పడింది? ఇవి ఐదో తరగతి పిల్లకి అందని లెక్కలేం కావు. చెప్పేవాళ్ళు లేరంతే.

ఏలేరు సంగతి చూడండి. ఏలేశ్వరం జలాశయం నుంచి ఎడమ కాలువ నూట యాభై కిలోమీటర్ల దాకా పారి విశాఖ ఉక్కు ఫ్యాక్టరీకి, నగరానికి నీళ్ళిస్తుంది. ఇక్కడ శివారు రైతు ఊడ్పుల వేళ ఎండిన బోదె వంక చూస్తూ కూర్చుంటాడు. 2024 సెప్టెంబరులో అదే జలాశయం నిండి నీరు కిందికి వదిలితే పెద్దాపురం, కిర్లంపూడి, గొల్లప్రోలు, పిఠాపురం మండలాల్లో చేలు మునిగాయి. విశాఖ ప్రజలకి నీళ్ళు వద్దని మనం అనడం లేదు, అక్కడి కార్మికులతో మనకి పేచీ లేదు. కానీ నీరు చాలనప్పుడు వంతు తగ్గేదెవరికి, ఎక్కువైనప్పుడు మునిగేదెవరు అన్న నిర్ణయం ఎక్కడో ఎవరో చేస్తారు. పర్యావరణ న్యాయం అన్న పెద్ద మాటకి మన ఊళ్ళో అర్థం ఇదే. ఏలేరు గట్టున పుట్టిన పిల్లకి నైలు నది ఎక్కడ పుట్టిందో తెలుసు, ఏలేరు ఎక్కడ పుట్టిందో తెలియదు.

చట్టం లేక కాదు. ఎం.సి. మెహతా కేసులో 1991 నవంబరు 22నే సుప్రీంకోర్టు బడుల్లో పర్యావరణం తప్పనిసరిగా చెప్పాలంది. 2003లో మళ్ళీ గట్టిగా చెప్పింది. దాంతో పాఠం వచ్చింది, ప్రశ్నలొచ్చాయి, మార్కులొచ్చాయి. ఊరు మాత్రం రాలేదు. చిన్న తరగతుల పుస్తకానికి 'పరిసరాల విజ్ఞానం' అని చక్కటి పేరు పెట్టారు, కానీ అందులో మన పరిసరాలు వెతుక్కోవాలి. ఇందులో టీచర్ల మీద నింద లేదు. యాప్‌లో హాజరు, ఫొటోలు ఎక్కించడంతోనే వాళ్ళకి సగం రోజు పోతోంది.

వేరే దారి సాధ్యమే. జహీరాబాద్ దగ్గర మాచనూరులో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ వాళ్ళు 'పచ్చసాలె' నడిపారు. దళిత మహిళా సంఘాల పిల్లలు అక్కడ మామూలు పాఠాలతో పాటు సేద్యం, వడ్రంగం, కుండలు చేయడం నేర్చుకున్నారు. అక్కడ చిరుధాన్యాలుంటే మనకి కర్రపెండలం ఉంది. మన మెట్ట చేలో తీసిన దుంప సగ్గుబియ్యం అయ్యేదాకా ఎన్ని చేతులు మారుతుంది, రైతుకి ధర ఎవరు కడతారు, మిల్లులో దుంప కడిగిన పులిసిన నీరు ఏ కాలువలో కలుస్తుంది అన్నవి లెక్కలూ సైన్సూ సాంఘికమూ కలిసిన పాఠం.

ఒకటి మాత్రం ముందే ఒప్పుకుందాం. ఇలా చదివిన పిల్లలు లారీల వాళ్ళనే కాదు, మనల్నీ అడుగుతారు. గడ్డి ఎందుకు తగలబెట్టావు నాన్నా అంటారు. మందు కొట్టిన డబ్బా కాలువలో ఎందుకు కడిగావంటారు. మునిగిన చేను కౌలు రైతుదైతే పరిహారం భూమి గలాయనకి ఎలా పోయిందంటారు. ఈ చివరి ప్రశ్న మన సంఘంలోనే కొందరికి గుచ్చుకుంటుంది. గుచ్చుకోనివ్వండి. పిల్లల ప్రశ్నకి జవాబు లేని డిమాండు కలెక్టరు ముందు మాత్రం ఎంతసేపు నిలుస్తుంది?

2020 జాతీయ విద్యావిధానమే ఆరు నుంచి ఎనిమిదో తరగతి పిల్లలకి బ్యాగు లేని పది రోజులుండాలంది. స్థానిక వడ్రంగులు, కుమ్మరులు, తోటమాలుల దగ్గర పని నేర్చుకోమంది. ఆ పది రోజులు మన చేలల్లో, ఏలేరు గట్టు మీద, లస్కరు వెంట గడవాలని మనం అడగాలి. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రభుత్వ బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే. బడి అభివృద్ధి ప్రణాళిక రాసేదీ ఆ కమిటీయే. కానీ మనలో చాలామంది తీర్మానం చదవకుండా సంతకం పెట్టి వచ్చేస్తున్నాం. ప్రైవేటు బడులకి ఆ కమిటీ ఉండదు, అక్కడ ఫీజు కట్టేరోజే అడగండి.

గ్రామ కమిటీలు ఈ నెలలోనే అర్జీలు రాసి హెడ్మాస్టర్లకి, మండల విద్యాశాఖాధికారికి ఇవ్వాలి. మొదటి రోజు పిల్లల్ని ఎక్కడికి తీసుకెళ్ళాలని వాళ్ళు అడిగితే రామేశంపేట మెట్ట పేరు చెప్పండి. దాని పాత ఎత్తు గుర్తున్న పెద్దాయన ఒకరిని వెంట తీసుకెళ్ళండి.